అరవై క్యాండిల్ బల్బు

కోగిలులో ఈ మార్గశిరం
చలి గోడల్లోంచి వస్తాది.
పైనుంచి కాదు, కిటికీలోంచి కాదు,
సిమెంటు కడుపులోంచి.
కుళాయి తిప్పితే నీళ్లు వేళ్లను కొరుకుతాయి.
నాలుగిళ్లకు వంట చేసే చేతులు నావి,
ఐదింటికల్లా మొదటింటి కాలింగ్ బెల్ నొక్కాల.

సరిగ్గా ఇప్పుడే మా కండక్టరమ్మకు
ఈకలు రాల్చుకునే కాలం వచ్చింది.
పొద్దస్తమానం కాళ్ల మధ్య దూరి
టికెట్, టికెట్, టికెట్ అని తిరుగుతాదని
లిఖిత పెట్టిన పేరు.
కదిరి నుంచి మా చెల్లెలు
తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని
బస్సులో తెచ్చిన ఎర్ర పెట్ట.
ఆ పొద్దు దానికి టికెట్ కొట్టలేదని
ఇప్పటికీ నవ్వుకుంటాం.
నవ్వుకునేవాళ్లం.

దీపావళి దాటినాక గుడ్డు మానేసింది.
మెడ బోసి. వీపు మీద అక్కడక్కడా
కొత్త ఈకల మొలకలు,
చంటిబిడ్డకు వచ్చే పళ్ల మాదిరి.
"ఇంకా ఏం మేపుతావక్కా, కోసెయ్"
అన్నాడు మా తమ్ముడు ఓబులేసు.
వాని మాటకు కోపం రాలేదు.
ఒక ఆదివారం నేను కూడా
దాని తొడల వంక చూసినదాన్నే.

మూడో ఇంటివాళ్లు పారేసిన
వాషింగ్ మెషిన్ అట్టపెట్టె.
లోపల రంపపు పొట్టు.
వంటింటి స్విచ్చి నుంచి వైరు లాగి
పైన అరవై క్యాండిల్ బల్బు.
పెట్టె నిండా పచ్చసొన రంగు వెలుతురు.
అది కళ్లు సగం మూసి కూర్చుంటే
దాని పక్కనే
నేనూ చేతులు కాచుకునేదాన్ని.
పదకొండు రాత్రులు.

పన్నెండో నాడు ఓనరు రుద్రమ్మ
సబ్ మీటరు చూసి వచ్చింది.
"ఏనమ్మా, కోళిగూ కరెంటా?"
గట్టిగా కూడా అనలేదు, నవ్వుతానే అనింది.
ఆ నవ్వుకే నాకు సిగ్గయింది.
రాత్రి పదకొండుకు లేచి
బల్బు ఆర్పినాను.
గోనెసంచి రెండు మడతలు కప్పి
"ఒక్క రేయికి ఏం కాదులే" అని
దానికి చెప్పినానో, నాకే చెప్పుకున్నానో.

నిద్రలో ఒకసారి
అట్టను గోకిన చప్పుడు.
విన్నాను.
దుప్పట్లో కాళ్లు వెచ్చగా ఉన్నాయి.
లేవలేదు.

నాలుగున్నరకు గోనె ఎత్తితే
మూలకు ఒదిగి
తల రెక్క కిందే పెట్టుకుని ఉంది.
రెండు చేతులా ఎత్తితే
కూర్చున్న ఆకారంలోనే పైకి వచ్చింది,
గంజి పెట్టి ఆరేసిన బట్ట మాదిరి.

పూడ్చేదానికి మన్ను ఏది ఈ ఊర్లో?
పెరడంటే మూడు మూరల సిమెంటు,
సంపు మూత, బట్టల తీగ.
వీధి చివర ఖాళీ సైటులో
'ఈ స్థలం అమ్మకానికి లేదు' అన్న బోర్డు కింద
అట్లకాడతో తవ్వినాను.
పైన మంచు తడి, లోపల ఇటుక ముక్కలు.
ఐదుంబావు అయిపాయ.
మొదటింటివాళ్లు రెండుసార్లు ఫోన్ చేసినారు.

ఆ పొద్దు మూడో ఇంట్లో
ఆరు ఆమ్లెట్లు వేసినాను.
ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు,
ఒక్కొక్కటీ అరచేతిలో
అదే చల్లదనం.

సాయంత్రం ఓబులేసు అడిగినాడు:
"మరి వండలేదా?"
ఏం చెప్పినానో గుర్తులేదు.

లిఖిత లెక్కల నోటు వెనకపేజీలో
అరవై వాట్లు, అయిదున్నర గంటలు,
యూనిట్టు తొమ్మిది రూపాయలు అని వేసుకుని
పెన్సిలు కొరుకుతా గుణించింది.
"రెండు రూపాయల తొంభై ఏడు పైసలమ్మా."
నన్ను అనేదానికి కాదు.
ఆ లెక్క ఆ వారమే బళ్లో చెప్పినారంట.

అట్టపెట్టె ఇంకా పారెయ్యలేదు.
నిన్న రాత్రి పదకొండుకు
పిల్ల పడుకున్నాక
స్విచ్చి వేసినాను.
పొట్టులో దాని ఒళ్లంత గుంట
అట్లనే ఉంది.
చెయ్యి పెట్టి చూసినాను.
వెచ్చబడేదానికి
ఎంతోసేపు పట్టలేదు.